తోటి యుద్యోగి పనియు మన యుత్సాహమును

మన సంఘ సర్వసభ్య సమావేశము ముగిసి అందఱును కాఫీలు త్రాగుచుండగా, వయోధికులైన సభ్యులొకరు మమ్ము వసారాలోనికి పిలిచి యొక ప్రశ్న వేసిరి. "బాబూ, మీ ఆఫీసులో ఒకాయన తెల్లారేసరికి చేలో ఉంటాడు. ఇంకొకాయన పంటకి ఒక్కసారైనా కనపడడు. ఇద్దరికీ జీతం ఒకటేగదా. మరి ఆ వచ్చే ఆయన ఎన్నాళ్లు వస్తాడు?" అని. మేము నవ్వి యూరకుంటిమి. కాని ఇల్లు చేరువఱకును ఆ మాట మమ్ము విడువలేదు. సోమరియైన యుద్యోగిని గూర్చి రైతులు మొఱపెట్టుట క్రొత్తకాదు. ఆయన యడిగినది సోమరిని గూర్చి కాదు, పనిమంతుని గూర్చి. పని చేయనివాని ప్రక్కన కూర్చున్న పనిమంతుడు ఎంతకాలము పనిమంతుడుగా నిలుచును? సర్కారు కొలువును గూర్చి ఇంతకన్న ముఖ్యమైన ప్రశ్న మాకు తోచుటలేదు.

ఈ యుద్యోగమున మాకు ఇరువదియేండ్లు నిండినవి. పూర్వము మదరాసు రాజధానిలో వ్యవసాయశాఖవారు ఈ పనివారిని డిమాన్‌స్ట్రేటర్లని పిలుచుచుండిరి. శాఖలో పేర్లెన్నిమార్లు మారినను మా యూళ్ల వృద్ధులు నేటికిని మమ్ము ఆ పేరుతోనే పిలుతురు. మాకును అదియే యిష్టము. ఎదుటివారికి చూపవలసినవాడు తాను చేసి చూపవలెనను సంగతి ఆ పేరులోనే యున్నది. కావున ఈ వ్యాసము ఇతరులమీద తీర్పుగా గాక, లోపలివాని సాక్ష్యముగా చదువవలెనని మనవి.

వరికోతకు మునుము పట్టిన కూలీలను చూచినవారికి ఈ విషయము సగము అప్పుడే బోధపడును. పండ్రెండుగురు వరుసగా వంగి కోయుచుందురు. అందొకరు వెనుకబడిరేని, కోయని వరి నాలుకవలె ముందునకు పొడుచుకొని వచ్చును. ఎవ్వరును నోరు విప్పనక్కఱలేదు. చేనే చెప్పును. ప్రక్కవారు రెండు గుప్పెళ్లు అదనముగా కోసి సర్దుదురు, లేదా ఒక పరిహాసపు మాట విసరుదురు. వెనుకబడినవారు కొడవలి త్వరపెట్టుదురు. మునుము చివర నిలుచు నేర్పరి నడకయే తక్కినవారి నడక యగును. ఆ చివరివాడు నడుము చాచి చుట్ట ముట్టించెనా, మునుమంతయు నిలుచును. ఇప్పుడు డెల్టాలో కోతయంత్రములు వచ్చి మునుములు చాలవఱకు తగ్గినవి గాని, ఊడ్పుల బురదలో స్త్రీలు వరుసగా వెనుకకు నడచుచు నాటుటలో ఈ నీతిని నేటికిని చూడవచ్చును. అందఱును ఒకే గట్టునుండి బయలుదేరుదురు. ఎవరెంత నాటినది అందఱికిని కనబడుచుండును. తక్కువ నాటినవారి వాటా ఎవరిమీద పడుచున్నదో కూడ కనబడుచుండును.

వరుస లేక గుంపుగా చేయు పనియందు కథ వేఱు. మాక్సిమిలియన్ రింగెల్మాన్ అను ఫ్రెంచి పండితుడు వ్యవసాయ యంత్రవిద్యాచార్యుడు. ఎడ్లు, గుఱ్ఱములు, యంత్రములు, మనుష్యులు వీనిలో నేది యెంత బలముతో లాగునని కొలుచుట ఆయన వ్యాసంగము. 1880 దశకమున ఆయన మనుష్యులచేత త్రాడు లాగించి కొలిచెను. ఆ లెక్కలను 1913లో ప్రకటించెను. ఒంటరిగా లాగువాని బలమును నూరుగా నెంచినచో, ఎనమండుగురు కలిసి లాగునపుడు ఒక్కొక్కని వాటా దాదాపు సగమునకు దిగినది. అందఱును ఒక్క క్షణమున లాగకపోవుట కొంత కారణము. ప్రక్కవాడు లాగుచున్నాడులే యను ధైర్యము కొంత కారణము. పదిమందిలో పాము చావదని మన పెద్దలు త్రాడును తూనికను లేకయే చెప్పిరి.

మఱి మునుము నీతి కర్మాగారములకును అంగళ్లకును వర్తించునా? అమెరికాలో అలెగ్జాండర్ మాస్, ఎన్రికో మొరెట్టి అను ఇరువురు ఆర్థికశాస్త్రజ్ఞులు 2009లో ఒక పరిశోధనను ప్రకటించిరి. పెద్ద సరకుల యంగళ్లలో సొమ్ము లెక్కించు గుమాస్తాలు ఎంత వేగముగా పనిచేయుచున్నారో యంత్రములు క్షణక్షణము నమోదు చేయును. ఆ లెక్కలనుబట్టి, వేగము గల గుమాస్తా పనిలోనికి రాగానే తక్కినవారి వేగమును కొంత పెరుగుచుండెను. తోటివారి నేర్పు నూటికి 10 పాళ్లు హెచ్చినచో తక్కినవారి పని నూటికి 1.5 పాళ్లు హెచ్చెను. ఇందు మాకు ముఖ్యముగా తోచిన సంగతి మఱియొకటి. నేర్పరి తమ వెనుక నిలిచి తమ్ము చూడగలిగినపుడే వారి వేగము పెరిగెను. తాము నేర్పరిని చూచుచున్నంత మాత్రమున పెరుగలేదు. ఆదర్శపురుషుని పటము గోడకు వ్రేలాడదీసినందువలన పని జరుగదన్నమాట. ఆ మనిషి కన్ను మనమీద పడవలెను.

అయితే చూపు ఎల్లప్పుడును మేలే చేయునని యనుకొనరాదు. ఇంగ్లండులో ఒక పండ్లతోటయందు ఓరియానా బందియేరా మొదలగువారు చేసిన పరిశోధన (2005) రైతులందఱును తెలిసికొనదగినది. ఆ తోటలో మొదట కూలి నిర్ణయించు పద్ధతి వింతగా నుండెను. ఆ దినమున అందఱు కోసిన పండ్ల సగటుతో పోల్చి ఒక్కొక్కరి కూలి కట్టుచుండిరి. అనగా ఒకడు వేగముగా కోసెనేని సగటు పెరిగి తక్కినవారి కూలి తగ్గును. తరువాత ఆ పద్ధతి మాని, ఎవరు కోసినదానికి వారికే కూలి అనిరి. అంతట కోత సగమునకు పైగా పెరిగెను. మునుపు తమ స్నేహితులకు నష్టమగునని చేతులు బిగబట్టుకొని కోసినవారే ఇప్పుడు నిండుగా కోసిరి. అయితే ఆళ్లెత్తు పొదలలో, ఒకరికొకరు కనబడనిచోట, మొదటినుండియు అట్టి బిగబట్టుట లేనేలేదు. కనబడినచోటనే ఉన్నది. కావున కన్ను ఒక్కటియే చాలదు. నీవు బాగుగ పనిచేసిన నీ ప్రక్కవానికి మేలా, కీడా యనునది కూడ చూడవలెను. చికాగో సమీపమున హాథార్న్ కర్మాగారమున 1931–32లో పరిశీలించిన 14 మంది పనివాండ్రు గూడ తమలో తామొక హద్దు పెట్టుకొని, దానిని మీఱి పనిచేసినవానిని భుజముమీద గ్రుద్ది వెనుకకు లాగుచుండిరి.

ఇక మా కొలువు సంగతి. పొలములలో పనిచేయు సర్కారు ఉద్యోగికి మునుము లేదు. మేము నలుగురైదుగురము ఒక కార్యాలయమునకు చెందినవారమే యైనను, ఒక్కొక్కరి యూళ్లు వేఱు. తెల్లవారి ఎవరి దారిన వారు పోవలసినదే. నేనెక్కడికి పోతినో ప్రక్కవానికి తెలియదు, ప్రక్కవాడెక్కడికి పోయెనో నాకు తెలియదు. తెలియునది డైరీలు మాత్రమే. డైరీలలో అందఱును సమానముగనే నడచుచుందురు.

మేము ఉద్యోగమున చేరిన క్రొత్తలో గోదావరి డెల్టాలో ఒక కార్యాలయమున ఉంటిమి. అచ్చట మాకన్న ఆఱేండ్లు పెద్దవారొకరు ఉండిరి. ఆయన ఎవ్వరికిని బోధచేసినవారు కారు. పంట్లాము మోకాళ్లపైకి మడిచి చేలో దిగి, దుబ్బును ఒంచి తట్టి, నీళ్లమీద పడిన పురుగులను లెక్కించెడివారు. మొదటి నెలలోనే మమ్ము తమతో రెండు మూడుమార్లు తీసికొనిపోయిరి. సుడిదోమ ఆకులమీద నుండదనియు, దుబ్బు మొదట నీటిమట్టమునకు కొంచెము పైన నుండుననియు, గట్టున నిలిచి చూచువానికి అది యెన్నటికిని కనబడదనియు మాకు పుస్తకములలో తెలిసినదే. కాని ఆయనతో బురదలో దిగినపుడుగాని ఒంటికి పట్టలేదు. ఆయన డైరీ పుటలకు ఎప్పుడును మట్టిమరకలే. మా డైరీ తెల్లగా నుండుట చూచి మాకు సిగ్గు వేసెను. ఆ సంవత్సరము మేము తిరిగినంతగా మఱి యెన్నడును తిరుగలేదని నిజముగా చెప్పగలము. మాపై అధికారి తనిఖీలు ఇట్టి పనిని చేయింపలేదు.

అదే కార్యాలయమున ఇంకొకరుండిరి. వారి మంచితనమునకు లోటులేదు. అందఱికిని టీ తెప్పించెడివారు. పొలమునకు మాత్రము పోయెడివారు కారు. వారి యూళ్లనుండి ఫిర్యాదులు రాగా, అధికారి ఏమి చేసిరి? ఆ యూళ్లలో రెండింటిని మా పెద్దాయనకు అప్పగించిరి. "వారైతే చూచుకొందురు" అనిరి. తరువాత ఆలస్యమైన నివేదికలును వారికే. పంటనష్టపు లెక్కలును వారికే. ఎన్నికల విధి వచ్చినను మొదట వారి పేరే. పనిచేయువానికి పని, చేయనివానికి తీఱిక. ఇది యొక కార్యాలయమున మాత్రమే జరుగు సంగతి కాదని చదువరులలో ఉద్యోగములు చేసినవారెల్ల ఎఱుగుదురు. పైగా, ప్రొద్దుటనే చేలకు పోవుటచేత వెనుకనుండి ఆయనకు 'కలెక్టరుగారు' అని పేరు పెట్టిరి. ఆ నవ్వులో మేమును రెండుమార్లు కలిసితిమి. హాథార్న్‌లో పిడికిలితో చేసినది మేము నవ్వుతో చేసితిమి.

రెండేండ్లు ఆయన మాటాడలేదు. మూడవ యేట ఊడ్పుల కాలమున ఒకనాడు ప్రొద్దుట తొమ్మిదింటికి ఆయన కుర్చీలో కూర్చుండి పత్రిక చదువుచుండుట చూచితిమి. వంట్లో బాగుగ లేదా యని యడుగగా, "బాగానే ఉందండీ. రెండు ఊళ్ల జీతం అదనంగా ఇవ్వడం లేదుగదా, అందుకని కూర్చున్నా" అని పుట త్రిప్పిరి. అంతే. మునుము చివరివాడు నడుము చాచెను.

అటుపిమ్మట మా నడకయు మందగించెను. ఎవరును మమ్ము ఆపలేదు, ఎవరును ఆపమనియు చెప్పలేదు. ఆయన చేయని పనిని మేమేల చేయవలెనను మాట మనసులో స్పష్టముగా గూడ తోచలేదు. ప్రొద్దుట లేచుట కొంచెము ఆలస్యమయ్యెను, అంతియే. వారమున నాలుగు దినముల తిరుగుడు రెండయ్యెను. ఆ రెండింటిలో ఒకటి రోడ్డుప్రక్క చేలకే. సోమరియైన మిత్రుని చూచి మేము చెడలేదు. ఆయన మొదటినుండియు అక్కడనే యుండెను, ఆయనను చూచియు మేము మొదటి యేడు తిరిగితిమి. పనిమంతుడు విసిగినందువలన చెడితిమి. ఈ భేదమును పై యధికారులు గమనింతురేని బాగుండును.

ఆ యేడు సార్వాలో, ఈనిక ముందు, దూరపు టూరొకదానికి పోవలసిన దినమున పోలేదు. డైరీలో మాత్రము "సందర్శించితిమి, పైరు బాగున్నది" అని వ్రాసితిమి. వెనుకటి పక్షపు పంక్తినే మరల వ్రాసితిమి. అచ్చట ఒక కౌలురైతు సాంబమసూరి వేసి, పైరు నల్లగా ఏపుగా నుండవలెనని యూరియా మిక్కిలిగా చల్లియుండెను. ఆ రకము 1986లో బాపట్లనుండి విడుదలయై అన్నపు రుచికి పేరుపడినదే కాని దోమకు తట్టుకొనునది కాదు. దోమ దిగెను. ఆయన మందులకొట్టున అడుగగా, ఏదో సింథటిక్ పైరిత్రాయిడు జాతి మందు నిచ్చిరి. అది దోమను చంపుటకు మాఱు దానిని తినెడు సాలీళ్లను మిత్రపురుగులను చంపి, దోమను రెట్టింపు చేయునది. మేము ఆ దినమున పోయియున్నచో చెప్పవలసినది మూడు మాటలే: నీరు తీసివేయుడు, బాటలు తీసి గాలి వెలుతురు దుబ్బు మొదళ్లకు తగులనీయుడు, ఆ మందు కొట్టవలదు. పది దినముల తరువాత పోయి చూడగా చేను సుడులు సుడులుగా మాడియుండెను.

ఎకరమునకు ముప్పది బస్తాలకు తక్కువ కాని చేనిలో పదునొకండు బస్తాలు రాలినవి. అందు కౌలు పోగా మిగిలినది లేదు. ఆయన మమ్ము నిందించియున్న కొంత తేలికగా నుండెడిది. "రెండు వారాలు మీ కోసం చూశానండి" అని మాత్రము అనెను. మా డైరీలో ఆ రెండు వారములును పైరు బాగున్నది. ఆ పుటను ఎవ్వరును ప్రశ్నింపలేదు, నేటికిని ప్రశ్నింపలేదు.

ఇదంతయు మా సోమరితనమునకు సాకుగా వ్రాయుటలేదు. తప్పు మాదే. అయినను ఆ తప్పు ఏ త్రోవన వచ్చెనో చూపుట మేలనిపించెను. తోటివాని పని మనమీద రెండు విధముల పనిచేయును. ఒకటి సిగ్గు: అతడు చేయుచుండగా నేను కూర్చుండుట ఎట్లు? రెండవది కడుపుమంట: అతడు కూర్చుండగా నేనేల చేయవలెను? ఒకే కార్యాలయమున, ఒకే మనుష్యులలో, ఈ రెండును ఉండును. ఏది గెలుచుననునది మనుష్యుల గుణముకన్న పని పంచిన తీరునుబట్టి యుండును. ఒకని బరువు దించి మఱియొకని మెడమీద పెట్టినచో రెండవది గెలుచును. జోడెడ్లలో ఒకటి కాడి వదలినపుడు రెండవదానిని ముల్లుకఱ్ఱతో పొడిచెడు సేద్యగాడు మనలో లేడు. దాని మెడపుండును చూచి కాడి సరిచేయును. కార్యాలయములలో మాత్రము మంచి యెద్దునే పొడుచుచున్నారు.

ప్రభుత్వపు కొలువులలో ఈ విషయమై పరిశీలనలు లేకపోలేదు. ఆంధ్రదేశపు పల్లె పాఠశాలలలోనే ఒకటి జరిగినది. 2005 మొదలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ గారలు వంద ప్రభుత్వ పాఠశాలలలో ఒక్కొక్క ఉపాధ్యాయునికి అతని తరగతి పిల్లల అభివృద్ధినిబట్టియు, ఇంకొక వంద పాఠశాలలలో పాఠశాల మొత్తమునకు కలిపియు స్వల్పమైన బహుమానమిచ్చు ఏర్పాటుచేసి, ఏమియు ఈయని వంద పాఠశాలలతో పోల్చిచూచిరి. రెండు విధములందును పిల్లల చదువు మెఱుగుపడెను. మొదటి సంవత్సరము రెండింటికిని భేదము కనబడలేదు. రెండవ సంవత్సరాంతమునకు ఎవరి పనికి వారికే బహుమానము గల పాఠశాలలు ముందునకు సాగెను. ఆ పాఠశాలలు చిన్నవి, ముగ్గురు నలుగురు ఉపాధ్యాయులు గలవి. అంత చిన్న గుంపులోనే త్రాడు కొంత సడలినదన్నమాట.

ఇందుకు భిన్నమైన మంచివార్త అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలలనుండి వచ్చినది. కిరాబో జాక్సన్, ఇలయాస్ బ్రుగ్మన్ అనువారు 2009లో చూపినదేమనగా, ఒక ఉపాధ్యాయునికి సమర్థులైన తోటి ఉపాధ్యాయులు దొరికినపుడు అతని తరగతి పిల్లలు గూడ బాగుగ చదివిరి. అనుభవము తక్కువ గలవారికి ఈ మేలు హెచ్చుగా కలిగెను. ఆ తోటివారి ప్రభావము కొన్నేండ్లవఱకు నిలిచెను. ఇది సిగ్గువలన మాత్రమే కలిగినదైనచో అంతకాలము నిలువదు. నేర్చుకొన్నందువలన నిలిచినది. మా పెద్దాయన నేర్పిన దుబ్బు తట్టుట మమ్ము నేటికిని విడువలేదు. ఆయన యుత్సాహము పోయిన తరువాత గూడ ఆయన విద్య మావద్ద మిగిలెను. కావున క్రొత్తగా చేరిన కుఱ్ఱవానిని ఒంటరిగా ఒక మూల యూరికి పంపుటకు ముందు ఒక పంటకాలము పనిమంతునివెంట నడపించుట ఖర్చులేని శిక్షణ. చెడుగు గూడ అదే దారిన పాకును. 1988లో స్వీడను దేశపు గోటెన్‌బర్గు నగరమున కొందఱికి వైద్యుని పత్రము లేకయే రోగపు సెలవు పదునాలుగు దినములు తీసికొనవచ్చునని సడలింపు ఇయ్యగా, అట్టివారితో కలిసి పనిచేయుచున్న, సడలింపు లేని తోటివారి సెలవులును పెరిగెను.

కొందఱు మిత్రులు ఈ మాటలు విని, "అయితే పోటీ పెట్టుడు, పట్టికలు కట్టి మొదటివానికి బహుమానము, కడవానికి శిక్ష యనుడు" అందురు. మాకు సమ్మతము కాదు. పండ్లతోట కథ మరువరాదు. ఒకని గెలుపు మఱియొకని ఓటమి యగునట్లు కట్టిన పట్టికయందు పనివాండ్రు చేతులు బిగబట్టుకొందురు, లేదా కాగితముమీద పరుగెత్తుదురు. మఱియొక సంగతి. ఖాళీలు నింపక, ఒక్కొక్కరికి రెండు మూడు చోట్ల బాధ్యతలు పెట్టి, పంట నమోదులు, సర్వేలు, ఎఱువుల పంపిణీ, నానావిధములైన లెక్కలు నెత్తిన వేసి, పొలమునకు రాలేదని యుద్యోగిని నిందించుట న్యాయము కాదు. రానివారందఱును సోమరులు కారు. కొందఱు ఫోనులో ఫొటోలు ఎక్కించుచు ఆఫీసులోనే సాయంకాలము చేసికొనుచున్నవారు. ఎవరు రాలేకపోయిరో, ఎవరు రాకపోయిరో రైతులే గుర్తింపగలరు, ఎవరైన అడిగినయెడల.

అడుగుటలోనే కీలకమున్నది. 2018లో తెలంగాణమున రైతుబంధు చెక్కులు పంచునపుడు కొన్ని మండలముల వ్యవసాయాధికారులకు ముందుగా ఒక మాట చెప్పిరి: చెక్కు అందినదా యని రైతులకే ఫోను చేసి అడుగుదుము, దానినిబట్టి మీ పనిని లెక్కింతుము అని. అట్లు చెప్పిన మండలములలో చెక్కు అందని రైతుల సంఖ్య తక్కినచోట్లకన్న తగ్గెను. జీతములు పెంచలేదు. ఎవరో అడుగుదురను ఎఱుక మాత్రమే. తోటివాని కన్ను చేరని చోట రైతు కన్ను ఆ పనిచేసెను.

మా ముందటి తరమువారికి ఈ మర్మము కొంత తెలిసినదే. 1970 దశకమున ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో, డేనియల్ బెనోర్ రూపొందించిన శిక్షణ–సందర్శన పద్ధతి మన దేశమునకు వచ్చెను. పదునైదు దినములకొకమారు, నిర్ణయించిన దినమున, గ్రామోద్యోగి ఫలానా రైతుల పొలమునకు పోవలెను. ఏ దినము వచ్చునో రైతుకు ముందే తెలియును. రానిచో రాలేదనియు తెలియును. నడుమ ఉద్యోగులందఱును ఒకచోట చేరి నేర్చుకొని, తాము చూచినది చెప్పుకొనవలెను. ఆ పద్ధతిలో లోపములు లేకపోలేదు. అన్ని యూళ్లకును ఒకే పాఠము చెప్పించెననియు, ఖర్చు మోయలేనిదనియు విమర్శలు వచ్చి 1990 దశకమున అది క్షీణించెను. పాఠము పోయినందుకు విచారము లేదు గాని, నిర్ణీత దినము పోయినందుకు విచారింపవలసియున్నది. ఈనాడు ఆంధ్రప్రదేశమున గ్రామగ్రామమున రైతు సేవా కేంద్రములును, తెలంగాణమున రైతు వేదికలును ఉన్నవి. భవనములకు కొఱతలేదు. ఏ దినమున ఎవరు ఏ చేనిలో నుందురో గోడమీద వ్రాసియున్న చోట్లు ఎన్నియో చదువరులే చెప్పవలెను.

ఈ విషయమున ప్రభుత్వ ముత్తరువుకొఱకు వేచియుండ నక్కఱలేదని మా యభిప్రాయము. మన సంఘము ఒక బల్లను వ్రేలాడదీయగలదు. అందు మన పరిధిలోని ఊళ్లన్నియు ప్రక్కప్రక్కన వ్రాసి, ఏ యుద్యోగి ఏనాడు ఏ చేలో దిగెనో ఆ చేని రైతే వ్రాయవలెను. మార్కులు వలదు, మొదటివాడు కడవాడు అను వరుస వలదు, తేదీలు చాలును. రాలేకపోయిన కారణము తెలిసినచో అదియు వ్రాయవలెను. దీనితో మాకును ఒక మునుము ఏర్పడును. ప్రక్కవాడెక్కడికి పోయెనో మాకును మొదటిసారి తెలియును. ఇద్దఱుద్దఱుగా పక్షమున కొకమారు ఒకరి చేలను మఱియొకరు చూచు ఏర్పాటునకు మాలో కొందఱము సమ్మతించితిమి. ఇక సంఘము అధికారులకు వ్రాయు ఉత్తరములలో ఫిర్యాదులే కాక, పనిచేసినవానిని గూర్చి ఒక పంక్తియుండవలెను. ఆ పంక్తి క్రింద, దయచేసి ఈయనకు ఇంకొకరి యూళ్లు అప్పగింపవలదు అని మఱొక పంక్తి తప్పక యుండవలెను. మొదటి పంక్తి మాత్రమే వ్రాసినచో ఏమి జరుగునో మేము చూచియున్నాము. ఖాళీయైన ఊళ్లను పంచవలసివచ్చినచో అందఱి యెదుట, అందఱికిని పంచవలెను.

మా సహోద్యోగులలో కొందఱికి ఈ ప్రతిపాదన రుచింపలేదు. రైతులు కక్షలతో వ్రాయుదురేమో యని వారి భయము. అట్టిది జరుగదని మేము హామీ ఈయజాలము. ఇరువురు రైతుల సంతకములుండవలెనను నియమము పెట్టినచో కొంత తగ్గునని తోచుచున్నది. వచ్చు సమావేశమున సభ్యులు దీనిని చర్చింతురుగాక.

ఈ వ్యాసము వ్రాయుటకు ముందు ఆ వయోధికుల యింటికి పోయి సంగతంతయు చెప్పితిమి. కౌలురైతు కథయు దాచలేదు. ఆయన చాలసేపు మాటాడక, తరువాత బల్లకు కావలసిన పలక తమ కొట్టములో నున్నదనిరి. ఆ బల్లమీద మా పేరును మొదట వ్రాయుడని కోరితిమి. "రాస్తాం బాబూ. రాని పక్షం కూడా రాస్తాం, తర్వాత ఏమీ అనుకోకూడదు" అనిరి. అనుకొనమని చెప్పి వచ్చితిమి.